కారు ఖర్చు – కుటుంబం వేసుకోవలసిన లెక్క

(గుంటూరులో మొహల్లా కుటుంబాలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో మనం సాధారణంగా వక్ఫ్ ఆస్తులను గురించి, రిజర్వేషన్లను గురించి, ఉపకార వేతనాలను గురించి మాట్లాడుకుంటాము. ఈ దినం నాకు అప్పగించిన అంశం వాటి ముందు చిన్నదిగా కనిపించవచ్చు. ఒక సామాన్య కుటుంబం కారు కోసం ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఇది ఎవరింటి విషయం వారిది, దీనికి సభ ఎందుకు అని కొందరికి అనిపించడం సహజమే. కానీ మన మధ్యతరగతి ఇళ్ళలో సొంత ఇంటి తరువాత పెద్ద మొత్తం కరిగిపోయేది రెండింటి దగ్గర. ఒకటి పెళ్ళి, రెండవది కారు. ఇటీవల ఈ రెండూ ఒకే ఖర్చుగా కలిసిపోతున్న ఇళ్ళు కూడా పెరుగుతున్నాయి. హక్కుల కోసం ప్రభుత్వాన్ని నిలదీసే సమాజం, తన చేతిలోని సొమ్మును గురించి తనను తాను ప్రశ్నించుకోకుండా ఉండరాదు. అందుకే ఈ విషయాన్ని సభ ముందు పెట్టడం సముచితమని భావిస్తున్నాను.

మోటారు బండితో మన వారికి ఉన్న సంబంధం కొత్తది కాదు. గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు పట్టణాలలో ఏ షెడ్డుకు వెళ్ళినా మెకానిక్కుగానో, టింకరింగ్ చేసేవాడిగానో, సీట్లు కుట్టేవాడిగానో, పంక్చరు వేసేవాడిగానో మన పిల్లవాడు కనిపిస్తాడు. మిర్చి లారీల స్టీరింగు దగ్గర, పత్తి లోడు వెనుక, ట్రావెల్స్ కార్లలో మన డ్రైవర్లు ఉన్నారు. విల్లుతో దూది ఏకిన దూదేకుల తాతల మనుమలు జిన్నింగు మిల్లులు వచ్చాక ఇంజిన్ల వైపు మళ్ళారు. ఇతరుల కార్లను బాగుచేసే చేతులు సొంత కారు కోరుకోవడంలో తప్పేమీ లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు అది మన వీధులకు ఆమడ దూరంలో ఉన్నది. 2008 జనవరిలో లక్ష రూపాయల కారుగా నానోను చూపించినప్పుడు ఆ దూరం ఒక్కసారిగా తగ్గినట్లు అనిపించింది. నానో ఉత్పత్తి 2018లో ఆగిపోయింది. కానీ అది మేల్కొలిపిన కోరిక ఆగలేదు. ఆ కోరికను నేను నిందించబోవడం లేదు, దానికి ఒక కొలత ఉండాలని మాత్రమే మనవి చేస్తున్నాను.

మొదట అవసరాన్ని గురించి నిజాయితీగా మాట్లాడుకుందాం. 2005 మార్చిలో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ, ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలలో పక్కా రోడ్లు, బస్సు స్టాపులు తక్కువగా ఉన్నాయని గమనించింది. బస్సు రాని చోట డయాలిసిస్ రోగి ఇంటికి కారు విలాసం కాదు. మాచర్ల, వినుకొండ, మార్కాపురం వైపు నుండి గుంటూరు పెద్దాసుపత్రికి ముసలి తల్లిని తెచ్చే కొడుకుకు కారు ఎంత అవసరమో ఆ కొడుకుకే తెలుసు. వికలాంగుడైన బిడ్డ ఉన్న ఇంటికి, సరుకుతో ఊరూరూ తిరిగే చిన్న వ్యాపారికి కూడా అంతే. ఇటువంటి అవసరం ఉన్నవారు తమ శక్తి మేరకు నిస్సంకోచంగా కొనుక్కోవాలి.

అయితే అన్ని కార్లూ ఇటువంటి అవసరంతో కొన్నవేనా? ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళకు, రెండు పండుగలకు, ఒక హైదరాబాదు ప్రయాణానికి మాత్రమే బయటికి వచ్చి, మిగతా రోజులు సందులో తొడుగు కప్పుకొని నిలబడే కార్లు ఎన్ని లేవు? 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. కుటుంబ ప్రయాణాల లెక్కలో ఇది కూడా చేరాలి. బస్సు లేని ఊరికి బస్సు కావాలని డిపో మేనేజరుకు సంతకాలతో అర్జీ పెట్టడం ఒక వీధికి వంద రూపాయల ఖర్చు. ఆ బస్సు లేదన్న కారణంతో వీధిలో పది కుటుంబాలు అప్పు చేసి కార్లు కొనడం అరకోటికి పైబడిన ఖర్చు. మొదటి దారి మూసుకుపోయిందని నిర్ధారించుకున్న తరువాతే రెండవ దారి పట్టాలి.

ఇక రాబడి సంగతి. కారుకు ఎంత పెట్టాలన్న దానికి పాశ్చాత్య దేశాలలో ఒక సూత్రం ప్రచారంలో ఉన్నది. ధరలో అయిదో వంతు ముందుగా చెల్లించాలి, మిగతా అప్పు నాలుగేళ్ళలో తీరిపోవాలి, కారుపై నెల ఖర్చు నెల రాబడిలో పదో వంతు దాటరాదు. ఇది నెలనెలా జీతం అందుకునే వారి సూత్రం. మన నేలలో నెల జీతం ఉన్నవారు ఎందరు? ఇక్కడ డబ్బు పంటతో వస్తుంది, పంటతోనే పోతుంది. రైతుకే కాదు, యార్డులో బస్తా మోసే హమాలీకి, కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తాకు, బట్టల దుకాణానికి, చివరకు బిర్యానీ హోటలుకు కూడా మిర్చి ధరే జీతం నిర్ణయిస్తుంది.

ఆ మిర్చి చరిత్ర చూడండి. 2021–22లో నల్ల తామరపురుగు తోటలను తుడిచిపెట్టింది. 2023లో తేజ రకం క్వింటాలు ఇరవై వేల రూపాయలు దాటింది. ఆ వెలుగులో ఎన్నో ఇళ్ళ ముందు కొత్త కార్లు నిలిచాయి. 2025 ఫిబ్రవరికి ధర ఎంత కుంగిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించవలసి వచ్చింది. పత్తికి 2025–26లో పొడవు పింజకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నా, తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రం సరుకును తీసుకోదు. ధర సగానికి పడిపోయిందని ఫైనాన్స్ వాయిదా సగానికి తగ్గదు. కనుక మంచి ఏడాది రాబడిని చూసి కారు ధర నిర్ణయించుకోవడం, వాన కురిసిన రోజు చెరువును చూసి వేసవికి వరి నాటడం వంటిది.

అందుచేత మన నేలకు తగిన కొలతగా నేను మూడు విషయాలు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, గడచిన మూడేళ్ళలో అతి తక్కువ రాబడి వచ్చిన ఏడాదినే ప్రమాణంగా తీసుకోవాలి. కారు మొత్తం ధర, అంటే పన్ను, బీమా, రిజిస్ట్రేషను కలిపి చేతికి వచ్చేసరికి అయ్యే ధర, ఆ రాబడిలో సగం దాటరాదు. రెండవది, పెట్రోలు, బీమా, మరమ్మతులు, వాయిదా ఉంటే అది కూడా కలిపి, ఏడాది ఖర్చు ఆ రాబడిలో ఇంచుమించు పదో వంతులో ఇమడాలి. మూడవది, కారు కొన్న మరునాడు కూడా ఇంట్లో ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల ఆ ఏటి ఫీజు చెక్కుచెదరకుండా ఉండాలి. బంగారం తాకట్టు పెట్టి కారు తెచ్చిన ఇల్లు ఈ మూడవ పరీక్షలోనే తప్పుతుంది.

ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల పుస్తకాలతో ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక ఒక ఉదాహరణను అంకెలలో చూపుతాను. అంకెలు ఊహించినవే, మీ ఇంటి అంకెలు వేసి చూసుకోవచ్చు. ఎనిమిది లక్షలకు కొత్త కారు కొన్నారనుకుందాం. బీమా కంపెనీలు బండి విలువ కట్టే పద్ధతిలో నాలుగేళ్ళు దాటి అయిదేళ్ళ లోపు వాహనానికి సగం విలువ తగ్గిపోతుంది. అంటే అయిదేళ్ళలో నాలుగు లక్షలు, ఏడాదికి 80,000 రూపాయలు కంటికి కనబడకుండానే కరిగిపోతాయి. బీమా 20,000, సర్వీసింగు 10,000, టైర్ల వంతు 3,000. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 18 కిలోమీటర్ల చొప్పున, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలుకు ఇంచుమించు 36,700. వెరసి 1,49,700 రూపాయలు. కిలోమీటరుకు దాదాపు 25 రూపాయలు. అప్పు చేసి కొంటే వడ్డీతో కలిసి 30 రూపాయలకు చేరుతుంది. అవే 6,000 కిలోమీటర్లు కిరాయి కారులో, కిలోమీటరుకు 15 రూపాయలనుకుంటే, 90,000. డ్రైవరు బత్తా కలిపినా సొంత కారు కన్నా తక్కువే. పైగా ఆ సొమ్ము మన వీధి డ్రైవరు పిల్లల నోటికి అన్నమై చేరుతుంది.

ఈ లెక్క ప్రకారం ఏడాదికి ఆరు లక్షల రాబడి ఉన్న ఇంటికి మూడు లక్షల లోపు పాత కారు తగినది. దానికి పెట్రోలు 36,700, బీమా 12,000, మరమ్మతులు 15,000 అనుకుంటే ఏడాదికి 64,000 వరకు అవుతుంది. పదో వంతు కన్నా నాలుగు వేలు ఎక్కువ. తిరుగుడు కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. ఆ ఇంటికే ఎనిమిది లక్షల కారు తెస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం, సెస్సు పోయి 18 శాతం అయింది. పన్ను తగ్గింది గనుక ఇంకాస్త పెద్ద కారు తీసుకోండని షోరూములో చెబుతారు. తగ్గిన పన్ను మీ జేబులో మిగిలితేనే తగ్గినట్లు. అయితే ధర తగ్గించుకోవడం అంటే ప్రాణభద్రతను తగ్గించుకోవడం కాదు. పార్లమెంటు సభ్యులుగా పనిచేసిన మన గుంటూరు నాయకులు ఎస్.ఎం. లాల్‌జాన్ బాషా గారిని 2013 ఆగస్టు 15న నార్కట్‌పల్లి సమీపంలో జరిగిన కారు ప్రమాదంలో పోగొట్టుకున్నాము. 16వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ళ పక్కనే పోతున్నది. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లకు భద్రతా నక్షత్రాలు ఇస్తున్నారు. సన్‌రూఫుకు, అలంకార చక్రాలకు పెట్టే సొమ్ము ఎయిర్‌బ్యాగులకు, మంచి బ్రేకులకు, మంచి టైర్లకు పెట్టండి.

ఇప్పుడు వడ్డీ దగ్గరకు వస్తాను. దివ్య ఖుర్ఆన్ వడ్డీని ఎంత తీవ్రంగా నిషేధించిందో ఈ సభకు చెప్పనవసరం లేదు. ప్రవక్త (స) తమ అంతిమ హజ్ ప్రసంగంలో వడ్డీని రద్దు చేస్తూ మొట్టమొదట తమ పినతండ్రి అబ్బాస్ (రజి) గారికి రావలసిన వడ్డీనే కొట్టివేశారు. సంస్కరణ సొంత ఇంటి నుండి మొదలు కావాలన్నది అందులోని పాఠం. ధార్మిక కోణాన్ని పక్కన పెట్టి కేవలం లౌకికంగా చూసినా, ఆరు లక్షల అప్పుకు 9.5 శాతం వడ్డీతో అయిదేళ్ళకు నెల వాయిదా 12,600, వడ్డీ మొత్తం 1,56,000. అదే ఏడేళ్ళకు పొడిగిస్తే వాయిదా 9,800కు తగ్గుతుంది, వడ్డీ మాత్రం దాదాపు 2,24,000కు పెరుగుతుంది. వాయిదా తక్కువ అని సంతోషించేవారు ఈ రెండవ అంకెను అడగడం మరచిపోతున్నారు.

మన వీధులలో ఇంకొక చిక్కు ఉన్నది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలను అప్పులివ్వదగని మండలాలుగా గుర్తించుకున్న సంగతిని సచార్ కమిటీయే నమోదు చేసింది. బ్యాంకు తలుపు మూసుకుంటే మనవాడు ప్రైవేటు ఫైనాన్సు మెట్లు ఎక్కుతాడు. అక్కడ పది శాతమే అంటారు. కానీ అది ఫ్లాటు వడ్డీ. తీర్చిన అసలు మీద కూడా చివరి వరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. ఆరు లక్షలకు అయిదేళ్ళలో మూడు లక్షల వడ్డీ. బ్యాంకు లెక్కలోకి మార్చి చూస్తే అది 17 శాతం పైమాటే. వాయిదా తప్పితే మనుషులను పంపి దౌర్జన్యంగా బండి లాక్కుపోవడం చట్టవిరుద్ధమని 2007లోనే సుప్రీంకోర్టు మందలించింది. ఈ సంగతి మన డ్రైవర్లకు తెలియాలి. బ్యాంకు అప్పు నిరాకరిస్తే కారణం లిఖితపూర్వకంగా అడగాలి. ఇది హక్కుల పోరాటంలో భాగమే.

వడ్డీ లేని దారి కష్టమైనదే గాని లేకపోలేదు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2008లో వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమని సూచించినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోబోమని తేల్చింది. కనుక ఆ పని మనమే చిన్న స్థాయిలో చేసుకోవాలి. రిజిస్టరు కాని చీటీలు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టానికి చిక్కుతాయి, నమ్మిన వారిని ముంచుతాయి. వాటి జోలికి పోరాదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మన రాష్ట్రం దేశానికి చూపిన దారి. ఆ చట్టం కింద పొదుపు సంఘం పెట్టుకొని, సభ్యులకు కర్జె హసనాగా అప్పులిచ్చే ఏర్పాటును గురించి మన జమాఅత్‌లు న్యాయ సలహాతో ఆలోచించాలి. అందులోనూ మొదటి వరుస జీవనోపాధి బండ్లదే కావాలి, సొగసు బండ్లది కారాదు.

జీవనోపాధికి కారు కొనే యువకులకు ఒక మాట. తెల్ల నంబరు పలకతో కిరాయికి తిప్పడం నేరం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తివేసే ప్రమాదం ఉన్నది. పసుపు పలక, పర్మిటు, ఫిట్‌నెస్ ఖర్చులను మొదటి రోజే లెక్కలో వేసుకోండి. పాత కారు కొనేవారు బండి మీద ఫైనాన్సు తీరిందన్న 35వ నంబరు ఫారం, బదిలీకి 29, 30 నంబరు ఫారాలు చూసి తీసుకోవాలి. అమ్మినవారు కూడా పేరు మారేవరకు ఊరుకోరాదు. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వారే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సోదర సోదరీమణులారా, ఇక అసలు బాధ చెబుతాను. మగపిల్లవాడు సొంత డబ్బుతో కొనలేని కారును ఆడపిల్ల తండ్రి డబ్బుతో కొనుక్కుంటున్న ఆచారం మన నిఖాలలోకి చొరబడింది. జహేజ్ అనండి, కానుక అనండి, పేరు మార్చినంత మాత్రాన వస్తువు మారదు. మన ధర్మంలో ఇవ్వవలసిన వాడు వరుడు, అందుకోవలసినది వధువు. దాని పేరు మహర్. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సైతం మహర్‌ను కట్నం నిర్వచనంలో చేర్చలేదు. దేశపు చట్టం గుర్తించిన ఈ తేడాను మనమే చెరిపివేసుకుంటున్నాము. అదే చట్టం కట్నం పుచ్చుకున్నా, ఇచ్చినా కనీసం అయిదేళ్ళ శిక్ష నిర్దేశించింది.

2021 జూన్‌లో కేరళలోని కొల్లం జిల్లాలో ఆయుర్వేద వైద్యం చదువుతున్న ఒక యువతి అత్తవారింట మరణించింది. పుట్టింటివారు పెళ్ళిలో ఇచ్చిన కారు తన స్థాయికి తగినది కాదన్నది భర్త వేధింపులకు ఒక కారణమని కేసు. ఆ భర్త అప్పట్లో మోటారు వాహనాల శాఖలోనే ఉద్యోగి. 2022 మేలో విచారణ కోర్టు అతనికి పదేళ్ళ జైలు శిక్ష విధించింది. ఆ కుటుంబం మన మతస్థులది కాదు, మన రాష్ట్రం వారు కాదు. కానీ ఆ కథలోని కారు మన వీధికి కొత్తదా? కారు ఇచ్చినా చాలలేదు, అన్నదే అందులో మనం వినవలసిన మాట. ఎంత ఇస్తే చాలుతుందన్న ప్రశ్నకు కట్నంలో జవాబు ఉండదు. ఎక్కరం మిర్చి భూమి అమ్మి కారు ఇచ్చిన తండ్రికి అయిదేళ్ళ తరువాత భూమీ ఉండదు, కారుకు విలువా ఉండదు. ఆ సొమ్మే కూతురి చదువుకు పెట్టి ఉంటే అది ఆమెతోనే ఉండేది.

2021లోనే అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు సులభ నిఖా కోసం దేశవ్యాప్త ఉద్యమం చేపట్టింది. ఆ పిలుపు మన మస్జిదుల నోటీసు బోర్డుల మీదనే ఆగిపోరాదు. ఏ తండ్రి అయినా తన ఇష్టంతో కూతురికి వాహనం ఇవ్వదలిస్తే, నిఖాతో ముడిపెట్టకుండా, ఆమె పేరున రిజిస్టరు చేసి, తాళం ఆమె చేతిలో పెట్టాలి. ఆమె డ్రైవింగు నేర్చుకుంటే మరీ మంచిది.

ఫుర్ఖాన్ సూరా 67వ వాక్యంలో దైవదాసుల లక్షణంగా చెప్పిన భావం మనందరికీ తెలిసినదే. వారు ఖర్చులో దుబారాకు పోరు, పిసినారితనానికీ పోరు, రెంటికీ నడుమ నిలుస్తారు. కారు విషయంలో ఆ నడిమి దారి ప్రతి ఇంటికీ వేరు వేరుగా ఉంటుంది. దానిని షోరూము ఉద్యోగి నిర్ణయించరాదు, ఎదురింటి గుమ్మం నిర్ణయించరాదు, వియ్యంకుడు అసలే నిర్ణయించరాదు. భార్యాభర్తలు, పెద్దవారు, చదువుకునే పిల్లలు కలిసి కూర్చొని, ఒక తెల్ల కాగితం మీద రాబడి, అవసరం, ఖర్చు రాసుకొని నిర్ణయించుకోవాలి. ఇంటి ఆడవారికి తెలియకుండా సంతకం చేసిన ఫైనాన్సు కాగితం ఏ ఇంటికీ బరకత్ తేలేదు.

ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. మన మొహల్లాలో నిఖా సందర్భంగా కారు ఇవ్వడం, పుచ్చుకోవడం మానుకుంటామని పెద్దలు ముందుగా తమ ఇళ్ళ నుండే ప్రకటించాలి. వడ్డీ లేని సహకార సంఘం ఏర్పాటుకు అయిదుగురితో ఒక కమిటీ వేయాలి, అందులో ఇద్దరు మహిళలు ఉండాలి. బస్సు రాని మన ఊళ్ళ జాబితా తయారుచేసి ఆర్టీసీ అధికారులకు అర్జీ ఇవ్వాలి. ఆ అర్జీ రాసే పని నేను చేస్తాను. ఉద్యోగం నుండి విరమించినా అర్జీలు రాసే అలవాటు విరమించలేదు.

అల్లాహ్ మన రాబడిలో బరకత్‌ను, ఖర్చులో వివేకాన్ని, ప్రయాణాలలో క్షేమాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.